ఔత్సాహిక వీడియోలకు సంగీతం: దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతం

హైదరాబాదులో మలక్‌పేట దాటి విజయవాడ రోడ్డు పట్టుకుంటే వరసగా వచ్చే దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్బీనగర్ కాలనీల్లో షార్ట్ ఫిల్ములు, కవర్ సాంగులు, పెళ్లి వీడియోలు, పండుగ వీడియోలు తీసేవాళ్లకు సంగీతం ఎక్కడ దొరుకుతుంది, దాన్ని వాడుకునే హక్కు ఎలా వస్తుంది, ఎంత ఖర్చవుతుంది అన్నది ఈ వ్యాస విషయం. చట్టం దేశమంతటికీ ఒక్కటే. అయినా ఇక్కడి అవసరాలకూ ఇక్కడ అందుబాటులో ఉన్న వనరులకూ తమదైన రూపం ఉంది.

ఇది కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు కిక్కిరిసిన ప్రాంతం. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి చదువుకూ ఉద్యోగానికీ వచ్చిన కుర్రకారు ముందు దిగేది ఇక్కడే. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట–ఎల్బీనగర్ మెట్రో మొదలయ్యాక స్టూడియోలున్న నగర పశ్చిమ భాగానికి రాకపోకలు తేలికయ్యాయి. ఇలాంటి కుర్రకారుకు తెలుగులో షార్ట్ ఫిల్మ్ సినిమాకు తొలిమెట్టు అయింది. సుజీత్ ‘రన్ రాజా రన్’ (2014) కంటే ముందు, తరుణ్ భాస్కర్ ‘పెళ్లి చూపులు’ (2016) కంటే ముందు, నటుడు రాజ్ తరుణ్ ‘ఉయ్యాల జంపాల’ (2013) కంటే ముందు షార్ట్ ఫిల్ములతోనే పని నేర్చుకున్నారు. కెమెరా బదులు ఫోను సరిపోతుంది, నటులు స్నేహితులే, లొకేషన్ హాస్టల్ డాబా. వీటిలో దేనికీ పెద్దగా ఖర్చు లేదు. చిక్కంతా బీజీఎం (నేపథ్య సంగీతం) దగ్గరే వస్తుంది.

పాట ఒక్కటే, హక్కులు మూడు

కాపీరైట్ చట్టం (1957) దృష్టిలో సినిమా పాట మూడు ఆస్తుల కలయిక: సాహిత్యం ఒకటి, బాణీ ఒకటి, ఆ రెంటినీ కలిపి ముద్రించిన రికార్డింగు మరొకటి. సాహిత్యానికీ బాణీకీ రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. రికార్డింగుకు వెలువడిన మరుసటి ఏడాది మొదలుకొని 60 ఏళ్లు. 1992 సవరణకు ముందు ఈ 60 స్థానంలో 50 ఉండేది. రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల గడువు ముగిసే వేళ దాన్ని పెంచారు.

ఈ లెక్క ఎలా పనిచేస్తుందో ‘మాయాబజార్’ తీసుకుని చూడవచ్చు. సినిమా 1957 మార్చి 27న విడుదలైంది. ఆనాటి పాటల రికార్డింగులపై హక్కు 2017 డిసెంబరు 31తో తీరిపోయింది. దాంతో పాట అందరిదీ అయిపోయిందనుకుంటే పొరపాటే. మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో కన్నుమూశారు, కాబట్టి ఆ సాహిత్యానికి 2031 ఆఖరు దాకా రక్షణ ఉంది. సంగీతం సమకూర్చిన ఘంటసాల 1974లో పోయారు, ఆయన బాణీలకు 2034 ఆఖరు దాకా. సినిమాలో కొన్ని బాణీలు సాలూరి రాజేశ్వరరావువి. ఆయన 1999లో పోయారు కాబట్టి వాటికి 2059 దాకా. అంటే రికార్డు పాతదే అయినా, ఆ పాట షార్ట్ ఫిల్మ్‌లో పెట్టుకోవాలంటే ఇవాళ్టికీ అనుమతి కావాలి. ఆ అనుమతి ఇవ్వాల్సింది ఎవరన్నది వేరే ప్రశ్న. నిర్మాత డబ్బిచ్చి చేయించుకున్న సంగీతానికి తొలి యజమాని నిర్మాతేనని 1977లో సుప్రీంకోర్టు ఐపీఆర్‌ఎస్ (ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ) కేసులో చెప్పింది. అక్కణ్నుంచి హక్కులు ఆడియో కంపెనీలకు చేతులు మారుతూ వచ్చాయి. 2012 సవరణ వచ్చాక రచయితకూ స్వరకర్తకూ రాయల్టీలో వాటా వదులుకోవడానికి వీల్లేని హక్కుగా నిలిచింది.

సినిమా పాటను వీడియోకు జోడించే అనుమతిని సింక్ లైసెన్స్ అంటారు. దానికి ధరల పట్టిక లేదు. సరేగామా, ఆదిత్య మ్యూజిక్, లహరి, మ్యాంగో లాంటి హక్కుదారు సంస్థను నేరుగా అడగాలి, వాళ్లు చెప్పిందే రేటు. హాస్టల్ ఫీజు కట్టుకుంటూ సినిమా తీసే విద్యార్థికి అది అందేది కాదు. ఆ దారి వదిలేసుకోవడమే మంచిది.

నలుగురూ చెప్పుకునే నమ్మకాలు కొన్ని ఉన్నాయి. పది సెకన్లు వాడితే ఫర్వాలేదు, ముప్పై సెకన్లు దాటకపోతే ఫర్వాలేదు, డిస్క్రిప్షన్‌లో కంపెనీ పేరు రాస్తే చాలు, డబ్బు సంపాదించనప్పుడు తప్పేముంది, పిచ్ కాస్త మార్చేస్తే సరి అని. వీటిలో ఒక్కదానికీ చట్టంలో చోటు లేదు. 52వ సెక్షన్ సొంత వాడకానికి, విమర్శకు, సమీక్షకు, వార్తలకు న్యాయమైన వినియోగాన్ని అనుమతిస్తుంది. ప్రేమకథకు నేపథ్యంగా పాట వేసుకోవడం అందులోకి రాదు. 63వ సెక్షన్ కింద తెలిసి చేసిన ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. వ్యాపార లాభం కోసం చేయని సందర్భంలో కోర్టు కారణాలు రాసి శిక్ష తగ్గించవచ్చు. ఔత్సాహికుల మీద క్రిమినల్ కేసు దాకా పోవడం అరుదు. వాళ్లకు తగిలే దెబ్బ యూట్యూబ్‌లోనే తగులుతుంది.

అన్నమయ్య మాట, ఎవరి బాణీ?

తెలుగువాళ్లకు ఉన్నంత పాత పాటల ఆస్తి తక్కువ భాషలకు ఉంటుంది. అన్నమయ్య (1408–1503), క్షేత్రయ్య, రామదాసు, త్యాగరాజు (1767–1847): వీళ్ల రచనలపై ఎవరికీ కాపీరైట్ లేదు. ఔత్సాహికుడు మొదట చూడవలసిన గని ఇదే. అయితే గనిలో దిగేముందు ఒక తేడా తెలుసుకోవాలి.

త్యాగరాజ కీర్తనకు మాటా బాణీ రెండూ శిష్యపరంపరలో వచ్చాయి. రెండూ స్వేచ్ఛగా వాడుకోవచ్చు. అన్నమయ్య సంగతి వేరు. తిరుమల భాండాగారంలోని రాగిరేకులపై సంకీర్తనల సాహిత్యం, రాగం పేరు ఉన్నాయి గానీ స్వరాలు లేవు. ఇవాళ మనం పాడుకునే బాణీల్లో ఎక్కువ భాగం ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కట్టినవే. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 1979లో పోయారు, ఆయన బాణీలకు 2039 ఆఖరు దాకా గడువు. నేదునూరి కృష్ణమూర్తి 2014లో పోయారు, 2074 దాకా. వందల సంకీర్తనలకు బాణీ కట్టిన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ 2025 మార్చిలో కన్నుమూశారు, 2085 దాకా. అయిదు వందల ఏళ్ల నాటి పాట కదా అని ధీమాగా వాడేసినవారు అసలు వాడింది నిన్నమొన్నటి సంగీత రచన. రామదాసు కీర్తనలకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. వాటిలో మనం వినే బాణీలు కొన్ని మంగళంపల్లి బాలమురళీకృష్ణవి.

అన్నమయ్య మాటలకు కొత్త బాణీ కట్టించుకుంటే ఈ చిక్కేమీ లేదు. రేకుపై ఉన్న రాగంలోనే కట్టించుకోవచ్చు, వేరే రాగంలోనూ కట్టించుకోవచ్చు. షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్లలో ఈ పని చేసేవారు ఇంకా ఎక్కువమంది ఉండాలని ఈ వ్యాసకర్త గట్టి కోరిక.

పాత గ్రామఫోన్ రికార్డుల్లో మరో అవకాశం ఉంది. ద్వారం వెంకటస్వామి నాయుడు (1893–1964) జీవితకాలంలో వెలువడిన వయొలిన్ రికార్డుల్లో త్యాగరాజ కృతి ఉంటే, బాణీ పాతది, రికార్డింగు గడువు ముగిసింది. భారతదేశంలో ఆ నాదం పూర్తిగా అందరిదీ. 1964లో వెలువడిన రికార్డులు 2025 జనవరి 1న, 1965 నాటివి 2026 జనవరి 1న ఈ కోవలో చేరాయి. ఇక్కడ రెండు షరతులు చూసుకోవాలి. రేడియో భాండాగారంలో ఉండి ఆలస్యంగా క్యాసెట్‌గానో సీడీగానో వచ్చిన కచేరీకి గడువు ఆ విడుదల ఏడాది నుంచి లెక్క. పైగా యూట్యూబ్ ప్రపంచమంతటా ఆడుతుంది. అమెరికాలో 1923–46 మధ్య రికార్డులకు వందేళ్లు, 1947–56 మధ్యవాటికి 110 ఏళ్లు రక్షణ ఉంది. ఇక్కడ తీరిపోయిన హక్కు డాలస్‌లో చూసే బంధువుల దగ్గర బతికే ఉండవచ్చు.

జానపదం ‘ఎవరిదీ కాదు’ అనే మాట కూడా సగమే నిజం. తరతరాల బతుకమ్మ పాట అందరిదీ. దానికి ఒకరు కొత్త చరణం రాస్తే ఆ చరణం వాళ్లది, ఒక యూట్యూబ్ చానల్ రికార్డు చేస్తే ఆ రికార్డింగు చానల్‌ది. 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాలోని ‘సారంగ దరియా’ వచ్చినప్పుడు, ఆ జానపదాన్ని సేకరించి పాడింది తానంటూ ఒక గాయని ముందుకు రావడంతో పెద్ద చర్చే జరిగింది. చట్టం సేకరించినవాళ్లకు బాణీపై హక్కు ఇవ్వకపోవచ్చు గానీ, పేరు వేయడం కనీస మర్యాద.

పెళ్లి పందిరి, వీధి మైకు

ఇక్కడి ఫొటో స్టూడియోలకు రోజువారీ తిండి పెట్టేది పెళ్లి వీడియో. 52వ సెక్షన్‌లోని ఒక మినహాయింపు ప్రకారం మతపరమైన వేడుకల్లో పాట వేయడం ఉల్లంఘన కాదు. పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన వేడుకలు కూడా ఇందులో ఉన్నాయని చట్టమే వివరణ ఇచ్చింది. పెళ్లిళ్లలో పాటలకు రాయల్టీ అడగరాదని కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక శాఖ 2023 జులై 24న ప్రకటన కూడా చేసింది. బరాత్‌లో డీజే పాట వరకు ఇబ్బంది లేదు. అదే పాటను ప్రీ వెడ్డింగ్ షూట్‌కు అతికించి స్టూడియో చానల్‌లో పెట్టడం వేరే సంగతి. మినహాయింపు వర్తించేది వేడుకలో వినిపించడానికి, వీడియోలో జోడించి లోకానికి చూపించడానికి కాదు. ఆల్బమ్ పెన్‌డ్రైవ్‌లో ఇంట్లో చూసుకునే కాపీ ఒకటి, చానల్‌లో పెట్టే కాపీ మరొకటి చేసి, రెండోదానికి లైసెన్సున్న సంగీతం వాడే స్టూడియో చిక్కుల్లో పడదు.

వీధిలో షూటింగ్‌కు ఇంకో తలనొప్పి ఉంది. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద సీన్ తీస్తుంటే పక్క దుకాణం స్పీకర్ నుంచి సినిమా పాట వినబడుతూనే ఉంటుంది. వినాయక చవితి రోజుల్లో అయితే చెప్పనక్కర్లేదు. ఫ్రేములో వెనకాల పోస్టరో బొమ్మో అనుకోకుండా పడితే చట్టం క్షమిస్తుంది. ఆ మినహాయింపు చిత్రకళకే రాశారు, సంగీతానికి లేదు. యూట్యూబ్‌లో పాటలను గుర్తుపట్టే యంత్రం కంటెంట్ ఐడీకి ఆ రెండు ముక్కల పాట చాలు పట్టేయడానికి. అందుకే అనుభవమున్నవాళ్లు రోడ్డు మీద మాటలు తీసుకోరు. దృశ్యం అక్కడ తీసుకుని, మాటలు గదిలో డబ్బింగ్ చెప్పించి, రోడ్డు రొదను పాట లేని సమయంలో ఫోనులో విడిగా పట్టుకుంటారు. తెల్లవారుజామున బస్ డిపో దగ్గర పట్టిన శబ్దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, దానంత నిజమైన శబ్దం ఏ లైబ్రరీలోనూ దొరకదు.

క్లెయిమ్, స్ట్రైక్

క్లెయిమ్‌నూ స్ట్రైక్‌నూ కలిపేసి కంగారుపడేవాళ్లు ఎక్కువ. యూట్యూబ్ 2007లో ప్రవేశపెట్టిన కంటెంట్ ఐడీ, అప్‌లోడైన ప్రతి వీడియో శబ్దాన్నీ హక్కుదారులిచ్చిన నమూనాలతో పోల్చి చూస్తుంది. కలిస్తే క్లెయిమ్ పడుతుంది. వీడియో ఉంటుంది, ప్రకటనల డబ్బు హక్కుదారుకు పోతుంది, లేదా కొన్ని దేశాల్లో ఆగిపోతుంది. స్ట్రైక్ అంటే హక్కుదారు చట్టప్రకారం వీడియో తీసేయమని అడిగినట్లు. 90 రోజుల్లో మూడు పడితే చానల్ మూతే.

అన్ని అనుమతులూ ఉన్నా క్లెయిమ్ పడవచ్చు. త్యాగరాజ కృతి సొంతంగా వాయించి పెట్టినా, అదే బాణీలో ఉన్న కంపెనీ రికార్డుతో పోలిక కలిసి యంత్రం పొరపడుతుంది. అప్పుడు డిస్ప్యూట్ వేయాలి, అవతలివారికి జవాబివ్వడానికి 30 రోజుల గడువుంటుంది. వాయించిన రోజు రికార్డింగు ఫైలు, వాయించినవారి కాగితం దగ్గర ఉంటే గెలుపు ఖాయమే అనుకోవచ్చు. సంగీత హక్కుల పంచాయతీ పెద్దవాళ్లనూ వదల్లేదు. 2017 మార్చిలో అమెరికాలో కచేరీలు చేస్తున్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి ఇళయరాజా తరఫున నోటీసు వచ్చింది, ఆ పర్యటనలో ఇక ఇళయరాజా పాటలు పాడబోమని బాలు ఫేస్‌బుక్‌లో ప్రకటించారు.

కవర్ సాంగ్ తీసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. పాట తొలి రికార్డింగు వచ్చిన అయిదేళ్ల తర్వాత రాయల్టీ కట్టి కొత్తగా పాడి విడుదల చేసుకునే వీలు 31సి సెక్షన్ ఇచ్చింది. అయితే ఏడాదికి కనీసం 50,000 ప్రతుల రాయల్టీ ముందే కట్టాలి, అది కూడా శబ్ద రికార్డింగుకే. వీడియోకు పనికిరాదు.

ఉచితంగా దొరికేది

2013లో వచ్చిన యూట్యూబ్ ఆడియో లైబ్రరీ మొదటి మెట్టు. యూట్యూబ్ స్టూడియోలోనే ఉంటుంది, రూపాయి ఖర్చు లేదు. కొన్ని ట్రాకులకు పేరు వేయాలి, కొన్నింటికి అక్కర్లేదు, వడపోసి చూసుకోవచ్చు. మెటాకు సౌండ్ కలెక్షన్ ఉంది. లోటు ఏమిటంటే ఇవి చాలావరకు పాశ్చాత్య బాణీలు. డప్పు, సన్నాయి, హార్మోనియం కావలసిన చోట పియానో పెట్టి సరిపెట్టుకోవాల్సి వస్తుంది. సూర్యాపేట నేపథ్యంలో కథ చెబుతూ గిటార్ వేస్తే సీను తేలిపోతుంది.

స్వరకర్తలే షరతులు చెప్పి అందరికీ ముందే అనుమతిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు 2002 నుంచి ఉన్నాయి. కెవిన్ మెక్లియోడ్ లాంటి స్వరకర్తలు వేల వీడియోలకు ఈ దారిలోనే సంగీతమిచ్చారు. అక్షరాలు జాగ్రత్తగా చదవాలి. ‘బై’ ఉంటే పేరు, ట్రాకు, ఎక్కడ దొరికింది, ఏ లైసెన్స్ అన్నది రాయాలి. ‘ఎన్‌సీ’ ఉంటే వ్యాపారానికి వాడరాదు, మానిటైజ్ చేసే చానల్ దాని జోలికి పోకూడదు. ‘ఎన్‌డీ’ ఉంటే వీడియోకు అసలు వాడకూడదు. దృశ్యానికి సంగీతాన్ని జోడించడాన్ని ఈ లైసెన్సులు మార్పు కిందే లెక్కిస్తాయి. ‘ఎస్‌ఏ’ ఉంటే మీ వీడియోనూ అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. ‘సీసీ జీరో’కు ఏ షరతూ లేదు. ‘నో కాపీరైట్ మ్యూజిక్’ అని పేరు పెట్టి ఎవరో ఎక్కించిన వీడియో నుంచి పాట దించుకోవడం ఈ కోవలోకి రాదు. పెట్టినవాడిదో కాదో తెలియని వస్తువు అది.

డబ్బు కట్టగలిగినవాళ్లకు చందా తీసుకునే సంస్థలూ ఉన్నాయి: స్వీడన్‌లోని ఎపిడెమిక్ సౌండ్, ఇజ్రాయెల్‌కు చెందిన ఆర్ట్‌లిస్ట్, మన దేశంలో ముంబైలోని హూపర్. ఏడాదికి ఒకటో రెండో వీడియోలు తీసేవాళ్లకు చందా దండగ. నలుగురైదుగురు కలిసి నడిపే స్టూడియోకైతే కట్టవచ్చు. చందా ఆపేశాక పాత వీడియోల గతేమిటన్నది ముందే చదవాలి. కృత్రిమ మేధ ఇచ్చే సంగీతం సంగతి ఇంకా తేలలేదు. సునో, యూడియో సంస్థలపై 2024 జూన్‌లో అమెరికాలో పెద్ద ఆడియో కంపెనీలు దావా వేశాయి. ఉచిత ఖాతాలో చేసినదాన్ని డబ్బు కోసం వాడకూడదని సునో షరతు పెట్టింది.

చేయించుకున్న సంగీతం

ఇన్ని దారులు చూశాక, ఈ ప్రాంతపు ఔత్సాహికులకు అన్నింటికంటే మేలైనది తెలిసిన మనిషి చేత చేయించుకోవడమే. కాలనీలో కీబోర్డు వాయించే కుర్రాడు, గుడిలో భజన పాడే అక్క, తబలా నేర్చుకునే హాస్టల్ స్నేహితుడు, రాంకోఠిలోని శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల విద్యార్థి. అయిదు నిమిషాల సినిమాకు రెండు మూడు నిమిషాల సంగీతం చాలు. చాప, దుప్పట్లు కట్టిన గదిలో, ఫ్యాను ఆపి, ఫోను దగ్గరగా పెట్టి పట్టిన వీణ నాదం బాగానే వస్తుంది.

డబ్బు ఎంతో కొంత ఇవ్వాలి, కాగితం రాసుకోవాలి. స్నేహితుడి దగ్గర కాగితమేంటి అనుకోవద్దు. అనుమతి రాతపూర్వకంగా ఉండాలని చట్టం అంటుంది. ఎంతకాలానికో రాయకపోతే అయిదేళ్లకే ఇచ్చినట్టు, ఎక్కడో రాయకపోతే భారతదేశానికే ఇచ్చినట్టు 19వ సెక్షన్ భావిస్తుంది. యూట్యూబ్‌లో పెట్టిన సినిమాకు ఆ రెండూ చాలవు. కాగితం ఇలా ఉంటే సరిపోతుంది: “ఫలానా పేరుగల షార్ట్ ఫిల్మ్ కోసం నేను సొంతంగా కట్టి వాయించిన సంగీతాన్ని, ఆ ఫిల్మ్‌తో జోడించి ఇంటర్నెట్‌లో, పోటీల్లో, ప్రదర్శనల్లో ప్రపంచమంతటా కాపీరైట్ గడువు పూర్తయ్యేవరకు చూపించడానికి అనుమతి ఇస్తున్నాను. ఇందుకు ఇంత మొత్తం అందింది. సంగీతం నా పేరుతో టైటిల్స్‌లో వేయాలి. దీన్ని ఇతర పనులకు వాడుకునే హక్కు నాదే.” కింద తేదీ, ఇద్దరి సంతకాలు. వాయిద్యం వాయించినవారు, పాడినవారు వేరే ఉంటే వాళ్ల సంతకాలు కూడా తీసుకోవాలి, ప్రదర్శకులకు చట్టంలో విడిగా హక్కుంది. సాంప్లులు, లూపులు వాడి ఉంటే అవి ఎక్కడివో ఒక లైను రాయించాలి. అరువు తెచ్చిన డ్రమ్ లూపుతో క్లెయిమ్ తెచ్చుకున్న సినిమాలు తక్కువేమీ కావు.

ఆ చివరి వాక్యం, హక్కు స్వరకర్త దగ్గరే ఉంచేది, తీసేయకండి. కాలనీ కుర్రాడు రేపు పెద్ద స్వరకర్త కావచ్చు, వెయ్యి రూపాయలకు అతని బాణీని పూర్తిగా రాయించేసుకోవడం అన్యాయం. సినిమా తీసేవాళ్లకు కావలసింది వాడుకునే అనుమతే.

సంగీతం చేసినవారికీ రక్షణ దగ్గర్లోనే ఉంది. రిజిస్ట్రేషన్ చేయించకపోయినా కాపీరైట్ పుడుతుంది. చేయించాలంటే సంగీత రచనకు 500 రూపాయలు, శబ్ద రికార్డింగుకు 2,000 రూపాయలు ఫీజు, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. తన బాణీని మరొకరు ఎత్తుకుపోతే, ప్రతివాది ముంబైలో ఉన్నా చెన్నైలో ఉన్నా, తాను నివసించే జిల్లా కోర్టులోనే దావా వేసుకోవచ్చని 62వ సెక్షన్ చెబుతుంది. సరూర్‌నగర్, కొత్తపేట, వనస్థలిపురం వాసులకు ఆ రంగారెడ్డి జిల్లా కోర్టు ఉన్నది ఎల్బీనగర్‌లోనే.